పాత స్పూలు టేప్‌రికార్డరు: లోపలి బోర్డులను గుర్తుపట్టడం, బాగు చేయడం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచి "ఈసారి సభలో మీ పని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు మేము కొంత సంకోచించాము. మేము వక్తలము కాము. ఐరనూ మీటరూ పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేవాళ్ళము. అయితే కార్యదర్శి గారు అడిగిన కారణం మంచిది కనుక ఒప్పుకున్నాము. పోయిన సంవత్సరం మన సంఘం ఇళ్ళలో ఉన్న పాత స్పూలు టేపులు తెచ్చి ఇవ్వమని విజ్ఞప్తి చేసింది. జనం నమ్మి తెచ్చారు. రెండు గోనెసంచులు నిండినవి. వాటిలో మీలాదు సభల తఖ్రీర్లు ఉన్నాయి, ముషాయిరాలు ఉన్నాయి, నిఖా రోజున చదివిన ఖుత్బాలు ఉన్నాయి, ఇంటి పెద్దలు తెల్లవారుజామున చేసిన తిలావత్ ఉంది. వాటితోపాటు మూడు మిషన్లు కూడా వచ్చినవి. ఆ మూడింటిలో ఒక్కటీ పని చేయడం లేదు. ఇదీ సంగతి.

ఒక పెద్దమ్మ తెచ్చిన రీలు మీద పేరు కూడా లేదు. "బేటా, ఇందులో మా వారి గొంతు ఉన్నది, ఒక్కసారి వినిపిస్తే చాలు" అన్నారు. ఆ రీలు ఒక్కటే ఉంది, దానికి రెండో ప్రతి లేదు. చెడిన మిషను మీద దాన్ని ఎక్కించామా, నమిలేస్తుంది, లేదా చెరిపేస్తుంది. కాబట్టి మిషను సంగతి తేలేవరకు టేపు జోలికి పోరాదు. ఈ మాట మేము ముందే చెప్పి ఆమెను కూర్చోబెట్టాము. ఆమె ఓపిక పట్టారు. అందరూ పట్టరు.

ఈ టేపు విద్య ఎక్కడిదో క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. 1928లో జర్మనీలో ఫ్రిట్స్ ఫ్లాయిమర్ అనే ఆయన కాగితం పట్టీ మీద ఇనుప పొడి అతికించి శబ్దాన్ని పట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో ఏఈజీ వారి మాగ్నెటోఫోన్ జనానికి కనిపించింది. 1940లో అక్కడి రేడియో ఇంజనీరు వాల్టర్ వేబర్ హెచ్చు ఫ్రీక్వెన్సీ బయాస్ గుణం కనిపెట్టిన తర్వాతనే శబ్దం శుభ్రంగా వచ్చింది. ఈ బయాస్ మాట గుర్తుపెట్టుకోండి, బోర్డుల దగ్గర మళ్ళీ వస్తుంది. మన సమాజానికి ఈ టేపుతో ఉన్న పెద్ద బంధం ఇంకొకటి. 1961లో కైరోలో షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారి గొంతుతో ఖురాన్ షరీఫ్ మొత్తం మొదటిసారిగా రికార్డు అయింది. 1964లో కైరోలో ఖురానుకే ప్రత్యేకమైన రేడియో కేంద్రం మొదలయింది. గల్ఫ్ దేశాలకు పనికి పోయిన మనవాళ్ళు కొందరు తిరిగివస్తూ పెద్ద పెద్ద స్పూలు మిషన్లు మోసుకొచ్చారు. తరువాత కేసెట్టు వచ్చి వాటిని మూలకు నెట్టింది. మూలకు నెట్టిన మిషన్లే ఇప్పుడు మన బల్ల మీదికి వచ్చినవి.

మూడు మిషన్లలో మేము రెవాక్స్ ఏ77 అనేదాన్ని ఎంచుకున్నాము. ఎందుకంటే ఇది బాగుచేసేవాడి కష్టం తెలిసినవాళ్ళు కట్టిన మిషను. స్విట్జర్లాండులో విల్లీ స్టూడర్ గారు 1948లో కంపెనీ పెట్టారు. రెవాక్స్ పేరు 1951లో వచ్చింది. ఏ77 మోడలు 1967లో బజారులోకి వచ్చి, 1977లో బీ77 వచ్చేవరకు సాగింది. మూడు మోటార్లు. పదిన్నర అంగుళాల రీళ్ళు పడతాయి. మామూలు మోడలులో సెకనుకు 9.5 సెంటీమీటర్లు, 19 సెంటీమీటర్లు అని రెండు వేగాలు. అన్నిటికంటే ముఖ్యం, శబ్దం నడిపే బోర్డులు చాలావరకు ప్లగ్గు మాదిరిగా గుచ్చి ఉంటవి. ఊడదీసి, చూసి, మళ్ళీ గుచ్చవచ్చు. తీగలు కోయనక్కరలేదు. మిగతా రెండు మిషన్లలో అన్నీ ఒకే పెద్ద బోర్డు మీద, తీగలు సేమియాలాగా. వాటిని తర్వాత చూసుకుందాము.

ఇప్పుడు గుర్తుపట్టడం. కొత్తగా వచ్చిన పిల్లలు మూత తీసి లోపల చూసి గాభరా పడతారు. గాభరా పడనక్కరలేదు. బోర్డు మీద నంబరు ఉంటుంది. ఈ కంపెనీ వారి అలవాటు ఏమిటంటే నంబరు మధ్యలోనే మోడలు దాక్కుని ఉంటుంది. 1.077 అని మొదలయితే ఏ77 బోర్డు. 1.177 అని మొదలయితే బీ77 బోర్డు. ఆ తర్వాతి మూడంకెలు ఏ బోర్డో చెబుతాయి. చివర అడ్డగీత తర్వాత ఉండే అంకెలు అది ఎన్నో కూర్పో చెబుతాయి. ఏ77 నాలుగు దఫాలుగా మారింది, మార్క్ ఒకటి నుంచి నాలుగు వరకు. అందుచేత సర్క్యూటు పటం చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు, పటం మీది చివరి అంకె, బోర్డు మీది చివరి అంకె ఒకటేనా అని చూడాలి. ఒకటి కాకపోతే ఆ పటంలో లేని రెసిస్టరు బోర్డు మీద కనిపిస్తుంది, మనవాడు దాన్ని ఎవరో మెకానిక్కు వేసిన అతుకు అనుకుని పీకేస్తాడు.

నంబరు చెరిగిపోయి ఉంటే? అప్పుడు తీగ వెంట నడవాలి. ఇది ఏ కంపెనీ మిషనుకైనా పనికివచ్చే పద్ధతి. టేపు నడిచే దారిలో మూడు హెడ్లు ఉంటాయి. టేపు ముందుగా తగిలేది చెరిపే హెడ్డు, తర్వాత రికార్డు హెడ్డు, చివర ప్లేబ్యాక్ హెడ్డు. చివరి హెడ్డు నుంచి బయలుదేరే సన్నని షీల్డు తీగ ఎక్కడికి పోతుందో అదే ప్లేబ్యాక్ ఆంప్లిఫయరు బోర్డు. చెరిపే హెడ్డు తీగ పోయేది ఆసిలేటరు బోర్డుకు. దాని మీద కాయిలు, ఫెరైటు ముక్క ఉంటవి కనుక చూడగానే తెలుస్తుంది. ఇదే బయాస్ తయారు చేస్తుంది. ఏ77లో 120 కిలోహెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు పక్కన పెద్ద కండెన్సర్లతో ఉండేది పవరు సప్లయి. పారదర్శకమైన డబ్బాల్లో రిలేలు గుచ్చి ఉంటే అది మోటార్లను ఆడించే బోర్డు. కాప్‌స్టను మోటారు నుంచి తీగలు తిన్నగా పోయి చేరేది వేగాన్ని అదుపు చేసే బోర్డు. ఈ చివరిదాని గురించి తరువాత విడిగా చెబుతాము, అది ప్రాణం మీదికి తెచ్చే బోర్డు.

బోర్డు ఊడదీసే ముందు ఫోటో తీయండి. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది, పూర్వం మేము కాగితం మీద బొమ్మ గీసుకునేవాళ్ళము. ఏ బోర్డు ఏ సందులో ఉన్నదో చిన్న చీటీ అంటించండి. ప్లగ్గు ఊడదీసి, పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత బోర్డు లాగండి. కరెంటు ఉండగా బోర్డు లాగినవాడు మా బల్ల దగ్గరికి రెండోసారి రాకూడదు.

మిషను ఎన్నో ఏళ్ళ తర్వాత తెరిచారు అనుకోండి. తిన్నగా 230 వోల్టులు ఇవ్వరాదు. ముందుగా వెనకవైపు వోల్టేజి ఎంపిక ఎక్కడ ఉన్నదో చూడండి. పరదేశం నుంచి వచ్చిన మిషను 110 మీద ఉండవచ్చు. తర్వాత నూరు వాట్ల పాతరకం బల్బు సీరీసులో పెట్టండి. లోపల షార్టు ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, మిషను బతికిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. డిమ్మర్‌స్టాట్ ఉన్నవాళ్ళు మెల్లమెల్లగా పెంచుకోవచ్చు, లేనివాళ్ళకు సీరీస్ బల్బే డిమ్మర్‌స్టాట్.

ఇంకొక మాట. స్విచ్చుల దగ్గర, రిలే కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ రాకుండా వేసిన చిన్న కండెన్సర్లు ఉంటవి. పసుపుపచ్చని అద్దంలాంటి పెట్టెలో ఉన్నవి కొన్ని, లోపల కాగితం ఉన్నవి. ఏళ్ళు గడిచాక పైపెట్టె నెర్రెలు పడుతుంది, గాలిలోని చెమ్మ లోపలికి పోతుంది, కరెంటు ఇచ్చిన కొన్ని నిమిషాలకు పొగ, గది నిండా దుర్వాసన. మన కోస్తా ఊళ్ళలో చెమ్మకు ఇవి ఇంకా త్వరగా చెడతాయి. వీటిని కరెంటు ఇవ్వకముందే మార్చేయండి. కొత్తవి ఎక్స్2 తరగతివి, 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్నవే వేయాలి. 400 వోల్టుల డీసీ కండెన్సరు ఉంది కదా అని అది వేయవద్దు. మోటార్లకు పక్కన ఉండే కండెన్సర్లు కూడా ఏసీవే. విలువ సరిగ్గా కలిస్తే సీలింగు ఫ్యాను కండెన్సరు జాతివి వేసుకోవచ్చు, అవి కూడా మోటారుకోసం పుట్టినవే. విలువ కలవకపోతే దగ్గరగా ఉన్నదని వేయవద్దు, మోటారు కాగుతుంది.

మిషనుకు కరెంటు వచ్చింది, బల్బు వెలిగింది, బొత్తాం నొక్కితే ఏ మోటారూ కదలడం లేదు. చాలామంది ఇక్కడ రిలే బోర్డు ఊడదీసి విప్పుతారు. ఆగండి. ఏ77 వెనకవైపు రిమోటు కంట్రోలుకు ఒక సాకెట్టు ఉన్నది. రిమోటు లేనప్పుడు దానిలో ఒక ఉత్త ప్లగ్గు, లోపల కాళ్ళు కలిపి షార్టు చేసినది, గుచ్చి ఉండాలి. అది లేకపోతే స్టాప్ సర్క్యూటు తెగి ఉన్నట్టే, ఏ బొత్తామూ పని చేయదు. ఇల్లు మారేటప్పుడు పిల్లలు ఆ ప్లగ్గును బొమ్మలాగా ఆడుకుని పారేస్తారు. మా దగ్గరకు వచ్చిన మిషనుదీ ఇదే రోగం. సర్క్యూటు పటంలో ఏ కాళ్ళు కలపాలో చూసి, ఆ సాకెట్టుకు సరిపోయే ప్లగ్గు ఒకటి తయారు చేశాము. మోటార్లు తిరిగినవి. అంతకుముందు ఈ మిషనును చూసిన ఒక దుకాణంవాళ్ళు "బోర్డు పోయింది, దొరకదు" అని ఇంటివాళ్ళకు చెప్పి పంపారట. దుకాణం పేరు మాకెందుకు, ఈ ప్లగ్గు సంగతి మాత్రం పిల్లలు రాసుకోండి.

రిలేల కాంటాక్టులు నల్లబడి ఉంటే ఒక మోటారు తిరుగుతుంది, ఒకటి తిరగదు. ప్లే అవుతుంది, రివైండ్ కాదు. వీటికి ఉప్పుకాగితం పెట్టి రుద్దవద్దు. కాంటాక్టు మీద పూత పోయిందంటే మళ్ళీ నాలుగు నెలలకే నలుపు. మందపాటి తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా మూసి లాగండి. కాగితం మీద నల్లగీత వస్తుంది. గీత రానంతవరకు చేయండి. బోర్డు గుచ్చే కాళ్ళకూ ఇదే వైద్యం. సగం రోగాలు ఇక్కడే పోతాయి. ఒక చానెలు వినపడకపోవడం, తట్టితే రావడం, ఇలాంటివి బోర్డు చెడి కాదు, కాలు పట్టక.

ఎడమ చానెలు ఉన్నది, కుడి చానెలు లేదు అనుకోండి. రెండు పక్కలా ఒకే నంబరు బోర్డులు ఉన్నచోట కరెంటు తీసేసి, రెంటినీ అటూ ఇటూ మార్చండి. రోగం బోర్డుతోపాటు పక్కకు పోయిందా, బోర్డులోనే ఉంది. ఉన్నచోటే ఉన్నదా, హెడ్డులోనో తీగలోనో ఉంది. ఇంత సులువైన పరీక్ష ఇంకొకటి లేదు, పైసా ఖర్చు లేదు. మీటరు పట్టుకోవడం రాని పిల్లవాడు కూడా చేయగలడు.

బోర్డులోనే ఉందని తేలింది. అప్పుడేం చేయాలి? ఇక్కడ మాకూ కొందరు మిత్రులకూ భేదాభిప్రాయం ఉన్నది. వారి పద్ధతి ఏమిటంటే బోర్డు మీద ఉన్న కండెన్సర్లన్నీ, ప్రీసెట్లన్నీ, ట్రాన్సిస్టర్లన్నీ ఒక్కసారిగా పీకి కొత్తవి వేయడం. మేము దీనికి ఒప్పుకోము. యాభై ఏళ్ళ బోర్డు మీద రాగి పట్టీ సన్నని బియ్యపు పొరలాగా ఉంటుంది. ఐరను ఎక్కువసేపు పెడితే పట్టీ లేచి వస్తుంది. అరవై చోట్ల సోల్డరు తీస్తే రెండు మూడు చోట్ల పట్టీ పోతుంది, ఒకచోట కండెన్సరు తిరగబడుతుంది. ముందు ఉన్న రోగం ఒకటి, మనం పెట్టినవి నాలుగు. మేము చేసేది ఇది: ముందు పవరు సప్లయి వోల్టేజి సర్వీసు పుస్తకంలో చెప్పినంత ఉన్నదా చూడడం. అది సరిగా లేకపోతే తక్కిన కొలతలన్నీ అబద్ధమే చెబుతాయి. తర్వాత ట్రాన్సిస్టరు కాళ్ళ దగ్గర వోల్టేజి పటంతో పోల్చడం. ఎక్కడ తేడా మొదలయిందో అక్కడ ఆగడం.

అయితే వయసు మీద పడి తప్పనిసరిగా చెడేవి కొన్ని ఉన్నవి, వాటిని మార్చడం న్యాయమే. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు లోపల తడి ఆరి విలువ పడిపోతాయి, లేదా లీకవుతాయి. అవి పడిపోతే లోతు స్వరాలు పోయి మనిషి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పవరు దగ్గరివి పోతే హమ్ వస్తుంది. రెండోది ప్రీసెట్లు. తెరిచి ఉన్న పాతరకం ప్రీసెట్లలో పట్టీ తుప్పుపట్టి, లోపలి చెయ్యి పట్టదు. శబ్దం గరగరమంటుంది, ఉన్నట్టుండి పోతుంది. వీటిని మార్చేముందు, మళ్ళీ చెబుతున్నాము, మార్చేముందు, ఉన్న విలువ మీటరుతో కొలిచి రాసుకోండి, అదే విలువకు కొత్తదాన్ని తిప్పి వేయండి. అది కొలవకుండా పీకితే, తర్వాత దాన్ని సరిపెట్టడానికి ప్రత్యేకమైన కొలత టేపు కావాలి. ఆ టేపు మన దగ్గర లేదు. మూడోది ట్రాన్సిస్టరు. అది చావదు, ముసలిదవుతుంది. వెనకాల వాన పడుతున్నట్టు ఒకే చానెలులో చప్పుడు వస్తే, మొదటి దశ ట్రాన్సిస్టరు మీద అనుమానపడాలి.

విడిభాగాలు దొరకవని నిరాశ పడేవాళ్ళకు చెబుతున్నాము, ఈ బోర్డుల మీద ఉన్నవన్నీ మామూలు సరుకులే. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి పోతే కండెన్సర్లు, ప్రీసెట్లు, రిలేలు దొరుకుతాయి. దొరకనివి హెడ్లు, మోటార్లు, రబ్బరు చక్రం. అవే అసలు సంపద. కాబట్టి చెడిన మిషను చవకగా దొరికితే బోర్డుల కోసం కాదు, హెడ్డు కోసం కొనండి.

ఇక వేగం అదుపు చేసే బోర్డు. మిగతా మిషన్లలో కాప్‌స్టను మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని నమ్ముకుని తిరుగుతుంది. ఏ77లో అట్లా కాదు. మోటారు బయటి చక్రానికి పళ్ళలాగా గీతలు ఉన్నవి, వాటి పక్కనే చిన్న అయస్కాంత తల ఒకటి ఉంటుంది. చక్రం తిరిగితే ఆ తలలో కరెంటు అల పుడుతుంది. 9.5 వేగంలో సెకనుకు 800 అలలు, 19 వేగంలో 1600. బోర్డు ఆ అలలను చూసి, మోటారు మెల్లగా పోతుంటే ఎక్కువ కరెంటు ఇస్తుంది, వేగంగా పోతుంటే తగ్గిస్తుంది. అందుకే ఇది 50 హెర్ట్జ్ దేశంలోనూ 60 హెర్ట్జ్ దేశంలోనూ ఒకేలాగా నడుస్తుంది.

కరెంటు ఇవ్వగానే మోటారు కేకవేసి పిచ్చి వేగంతో తిరుగుతున్నది అనుకోండి. దీనికి రెండు కారణాలు. మోటారుకు కరెంటు వదిలే పెద్ద ట్రాన్సిస్టరు షార్టు అయి పూర్తిగా వదిలేస్తూ ఉండవచ్చు. లేదా ఆ తల నుంచి అలలు రాక, మోటారు తిరగడం లేదనుకుని బోర్డు ఎక్కువ ఇస్తూ ఉండవచ్చు. ఫ్రీక్వెన్సీ కొలిచే మీటరు ఒకటి తల తీగల దగ్గర పెట్టండి. అలలు ఉన్నవి, లెక్క ఎక్కువగా ఉన్నది అంటే తల మంచిదే, బోర్డులో చూడాలి. అలలే లేవంటే తలా, తీగా, మోటారుకూ తలకూ మధ్య సందూ చూడాలి. ఈ కొలతతో పావుగంటలో తేలిపోతుంది. కాని ఒక్క హెచ్చరిక. మోటారుకు పోయే హెచ్చు వోల్టేజి ఈ బోర్డు మీదికి వస్తుంది. శబ్దం బోర్డుల మీద వేలు పెట్టిన అలవాటుతో దీని మీద వేలు పెట్టవద్దు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చేయండి. కొత్తపిల్లలు మా పక్కన ఎవరో ఒకరు లేకుండా దీన్ని ముట్టరాదు, ఇది మా బల్ల దగ్గర ఖాయం చేసుకున్న నియమం.

మిషను బాగయింది. ఇప్పుడు పెద్దమ్మ రీలు. ఆగండి, ఇంకా రెండు పనులు ఉన్నవి. మొదటిది, ఆసిలేటరు బోర్డు ఊడదీసి అల్మారాలో పెట్టండి. చెరిపే శక్తి పుట్టేది అక్కడ. అది లేకపోతే పొరపాటున ఎవరైనా రికార్డు బొత్తాం నొక్కినా, రిలే అంటుకుపోయినా చెరిపే హెడ్డుకు కరెంటు రాదు. మన పని వినడమే కదా, రికార్డు చేయడం కాదు. బోర్డులు గుచ్చేవిగా ఉన్న మిషనును ఎంచుకోవడానికి ఇది కూడా ఒక కారణం. రెండోది, మనకు అక్కరలేని టేపు, సినిమా పాటలదో ఏదో, ఒక గంట నడిపించండి. టేపు అంచు మడతపడుతున్నదా, ఆపినప్పుడు తాడులాగా వదులవుతున్నదా చూడండి. ఈ పరీక్షలో నెగ్గిన తర్వాతే అమానతు రీలు.

టేపును కూడా పరీక్షించాలి. రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. చుట్టలో నుంచి వెలుతురు కనిపిస్తే అది అసిటేటు టేపు, పాతది, పెళుసు. వాసన చూస్తే పుల్లని సిర్కా వాసన వస్తే లోపల చెడడం మొదలయిందని అర్థం. అలాంటిది ముందుగా ఎక్కించాలి, మెల్లగా ఎక్కించాలి. వెలుతురు రాకపోతే పీవీసీయో పాలియెస్టరో. 1970ల నుంచి వచ్చిన కొన్ని పాలియెస్టరు టేపులకు ఇంకో జబ్బు ఉన్నది. పూత పట్టే జిగురు గాలిలోని చెమ్మను తాగి బంకగా మారుతుంది. హెడ్డు మీద కీచుమని శబ్దం, గోధుమరంగు బంక. ఇలాంటి టేపును 50, 55 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి ఆరబెడితే కొన్ని వారాలు బాగుంటుంది, ఆలోగా ఎక్కించుకోవాలి. అసిటేటు టేపుకు ఈ వైద్యం చేయరాదు, చెడిపోతుంది. ఇంట్లో ఓవెనులో పెట్టి చూద్దామని ఎవరూ ప్రయత్నించవద్దు. మాకు ఇవ్వండి.

గొంతు వెనకనుంచి మాట్లాడినట్టు, రెండు మాటలు కలిసినట్టు వినిపిస్తే గాభరా వద్దు. ఆ రోజుల్లో టేపు ఖరీదు కనుక నాలుగు ట్రాకులుగా, ఒకవైపు రెండు, తిప్పి రెండు నింపేవారు. రెండు ట్రాకుల హెడ్డు ఉన్న మిషను మీద పెడితే రెండు వైపులూ ఒక్కసారి వినపడతాయి. దానికి నాలుగు ట్రాకుల హెడ్డు ఉన్న మిషను కావాలి. ఏ77 రెండు రకాలుగానూ వచ్చింది, మన దగ్గర ఉన్నది నాలుగు ట్రాకులదే కనుక ఇబ్బంది లేదు. ఏడంగుళాల రీలులో 1200 అడుగుల టేపు 19 వేగంలో 32 నిమిషాలు, 9.5 వేగంలో 64 నిమిషాలు. ఇంకా పొదుపుకోసం 4.75 వేగంలో నింపిన రీళ్ళూ ఉన్నవి. అవి ఈ మిషను మీద 9.5లో తిప్పి కంప్యూటరులో సగం వేగానికి దించవచ్చు, హెచ్చు స్వరాలు కొంచెం సరిపెట్టుకోవాలి.

పెద్దమ్మ రీలులో మొదటి పది నిమిషాలు ఒక పెళ్ళి సందడి ఉన్నది. ఆ తర్వాత ఆయన గొంతు వచ్చింది, సూరె రహ్మాన్. మధ్యలో ఒకచోట దగ్గు వచ్చి ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టారు. మేము ఆ దగ్గు తీసేద్దామా అని అడిగాము. "తీస్తే ఆయన కాడు, అట్లాగే ఉంచండి" అన్నారు.

దీని నుంచే ఇంకొక సంగతి సభ ముందు పెడుతున్నాము. ఈ రీళ్ళలో సభల ఉపన్యాసాలే కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళ మాటలు, పిల్లల అల్లరి, ఇంటి తగాదాలు కూడా ఉన్నవి. అవి ఎవరి అమానతో వాళ్ళకే చేరాలి. కాబట్టి ప్రతి రీలు కంప్యూటరులోకి ఎక్కించిన తర్వాత ఆ ఇంటివాళ్ళు విని, ఒప్పుకుని, సంతకం చేసిన భాగమే సంఘం ఉంచుకోవాలి. ఒప్పుకోనిది వాళ్ళకు ఇచ్చి, మన దగ్గర ప్రతి ఉంచకూడదు. దీని మీద కార్యవర్గంలో కొందరికి అభ్యంతరం ఉన్నదని మాకు తెలుసు, "చరిత్ర పోతుంది" అంటున్నారు. చరిత్ర కొంత పోతే పోనీయండి. ఒక ఇంటి గొంతు వాళ్ళకు తెలియకుండా బయటికి పోయిందంటే, ఇంకో ఇల్లు రీలు తేదు. గోనెసంచుల్లో ఉన్నవే కాదు, అటకల మీద ఉన్నవి కూడా చెత్తలోకి పోతాయి.

పిల్లల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. ఈ పని నేర్చుకుంటే స్పూలు మిషన్ల దుకాణం పెట్టుకుని బతకవచ్చని మేము ఎవరికీ ఆశ పెట్టడం లేదు. ఆ దుకాణానికి గిరాకీ లేదు. కాని ఒక బోర్డు మీద తీగ వెంట నడవడం, కొలవనిదే పీకకపోవడం, సోల్డరు శుభ్రంగా పెట్టడం వచ్చిన పిల్లవాడికి ఇన్వర్టరు బోర్డయినా వాషింగ్ మిషను బోర్డయినా చేతికి అందుతుంది. పాత బోర్డు మీద భాగాలు పెద్దవి, కంటికి కనిపిస్తాయి, అందుకే నేర్చుకోవడానికి ఇది మంచిది. ప్రతి ఆదివారం జొహర్ నమాజు తర్వాత సంఘం వెనక గదిలో కూర్చుంటాము. ఆడపిల్లలు వచ్చినా సంతోషమే, సన్నని సోల్డరు పనికి వాళ్ళ చెయ్యి కుదురుగా ఉంటుందని మా అనుభవం. ఐరనూ సక్కరూ సంఘం ఇస్తుంది. మీటరు ఎవరిది వారు తెచ్చుకోవాలి, ఫ్రీక్వెన్సీ కొలిచేది అయితే మరీ మంచిది.

రెండో సంచిలోని రీళ్ళు ఇంకా ఎక్కించలేదు. వాటిలో పదకొండింటి మీద ఎవరి పేరూ లేదు, డబ్బాల బొమ్మలు ప్రవేశద్వారం దగ్గర అట్ట మీద అంటించి ఉంచాము. పోయేటప్పుడు దయచేసి ఒకసారి చూడండి, మీ ఇంటి డబ్బా ఉంటే చెప్పండి. బోర్డులు ఇదిగో ఈ బల్ల మీద ఉన్నవి, దగ్గరికి వచ్చి చూడవచ్చు. ఆ ఎర్ర చీటీ ఉన్నదాన్ని మాత్రం ముట్టవద్దు.